వాటం తెలిశాకే మట్టం

మా గరాజ్ పక్కన చెత్తడబ్బాలు పెట్టుకునే కాంక్రీటు బాట ఒక మూల కుంగింది. రాత్రికి రాత్రి జరిగింది కాదు. డబ్బా వీధిలోకి లాక్కెళ్తుంటే చక్రం ఒక చోట టక్కుమనేది, నేనే పట్టించుకోలేదు. జూలై వానలకి అక్కడ నీళ్లు నిలిచి, మా అమ్మాయి కాగితం పడవ వదిలాక గానీ వంగి చూడలేదు. రెండు వేళ్ల మందం దిగిపోయింది.

ముగ్గుర్ని పిలిచాను. ముగ్గురూ మూడు మందులు చెప్పారు. మొదటాయన ఫోమ్. చిటికెన వేలు పట్టేంత కన్నాలు వేసి కిందకి పాలీయురేతేన్ ఎక్కిస్తే, అది పొంగి పలకని లేపుతుందట, గంట తిరక్కుండానే నడవొచ్చట. రెండో ఆయన సిమెంటు పాలు. కన్నాలు పెద్దవి, ఖర్చు తక్కువ. మూడో ఆయన చెయ్యి విదిలించి, పగలగొట్టి కొత్తది పోసుకో అన్నాడు. ఫోమ్ ఆయన చూపించిన వీడియోకి నేను సగం పడిపోయాను. పూరీ పొంగినట్టు కాంక్రీటు లేస్తుంటే ఎవరికి ముచ్చటెయ్యదు!

ఆ రాత్రి బాబాయికి ఫోన్ చేశాను. గుంటూరు జిల్లాలో ముప్పై ఏళ్లు తాపీ పట్టిన మనిషి. కెమెరా పలక మీదికి తిప్పితే, ఆయన దాన్ని చూడనే లేదు. "అది సరేలే, చూరు నీళ్లు ఎటు పోతన్నాయిరా?" అన్నాడు.

ఎటు పోతాయి, ఇంకుడు గుంతలోకి. మన దగ్గర ప్రభుత్వాలు ఉద్యమాలు చేసి తవ్వించిన ఇంకుడు గుంత నేనుండే పెర్త్‌లో ఇంటి సామానులో ఒకటి. కప్పు మీది వాన గొట్టాల్లోంచి పెరట్లో పూడ్చిన సోక్‌వెల్‌లోకి దిగి ఇసకలో ఇంకిపోతుంది. ఇక్కడి నేల చాలామటుకు ఇసకే. మా పేట పియారా వాటర్స్ అసలు పల్లపు ప్రాంతం, ఫారెస్ట్‌డేల్ చెరువుకి కూతవేటు దూరం. లారీలతో ఇసక తోలి మెరక చేశాకే ఇళ్లు లేచాయి. బాబాయికి తెలిసిన నల్లరేగడి వానకి ఉబ్బి, ఎండకి నెర్రెలిచ్చి ఇంటిని ఊపుతుంది. ఇసకకి ఆ పొగరు లేదు. బాగా గట్టిపరిస్తే బండలా కూర్చుంటుంది. కానీ నీటికి దారి దొరికిందా, దాంతోపాటే నడిచిపోతుంది.

"సుత్తి తిరగేసి పలక మీద కొట్టు, నాకు వినబడాలి," అన్నాడు బాబాయి. గోడవైపు ఖణేల్‌మంది. గొట్టం దగ్గర డొబ్‌మంది. నాపరాళ్లు పరిచాక మేస్త్రీలు తాపీ పిడితో తట్టి చూసేది ఈ డొల్ల కోసమే. అంచున గునపంతో తవ్వి చెయ్యి పెడితే మోచేతి దాకా పోయింది, తగిలేదేమీ లేదు. చూరు గొట్టం భూమిలోకి దిగి మలుపు తిరిగే చోట అతుకు ఊడి ఉంది. బకెట్ నీళ్లు పోస్తే గడగడా తాగేసి బయటికి చుక్క రాలేదు. ఆ గొట్టానికి అరవై చదరపు మీటర్ల కప్పు నీళ్లొస్తాయి. 25 మిల్లీమీటర్ల వాన పడితే పదిహేను వందల లీటర్లు. అదంతా బాట కిందే పారిందన్నమాట.

ఆ డొల్లలోకి ఫోమ్ కొట్టించి ఉంటే పలక లేచేది, వీడియోలో లాగే. గొట్టం మాత్రం పక్కనున్న ఇసకని కోస్తూనే ఉండేది. ఈ పొరపాటు నాకంటే చాలా పెద్దవాళ్లే చేశారు. పీసా గోపురం ఒరుగుతోందని 1934లో దాని పునాదిలో వందలాది కన్నాలు వేసి సిమెంటు పాలు ఎక్కిస్తే ఇంకాస్త ఒరిగింది. చివరికి 1999 నుంచి 2001 దాకా, దిగిన వైపు లేపడం మానేసి, ఎత్తుగా ఉన్న వైపు నుంచి కొంచెం కొంచెం మట్టి తోడితే నిలదొక్కుకుంది.

ఫోమ్‌ని తక్కువ చెయ్యడం లేదు. ఇంటికి అతుక్కున్న పెద్ద పలకైతే, నీటి సంగతి తేలాక, నేనూ అదే పెట్టించుకునేవాణ్ణి. తేలిక, నేల మీద బరువు మోపదు. కాకపోతే ఎక్కువ ఎక్కితే వెనక్కి తీసే ఉపాయం లేదు. గోడలు మోసే పలకైతే మాత్రం ఇంజనీరు చూడకుండా ఎవరి మాటా వినకూడదు. నాది మీటరు వెడల్పు, మూడు మీటర్ల పొడవు, పది సెంటీమీటర్ల మందం. ఏడు వందల కిలోల పైచిలుకు. దానికి రోగం కంటే మందు ఖరీదు ఎక్కువ.

పగలగొట్టాను. ముందు 'బిఫోర్ యూ డిగ్' వాళ్ల దగ్గర నేల కింది గ్యాసు, కరెంటు లైన్ల పటాలు ఉచితంగా తెప్పించుకున్నాను. పచ్చికకి నీళ్లిచ్చే రెటిక్ గొట్టాలు ఆ పటాల్లో ఉండవని ఒకటి తెగాక తెలిసింది. అతుకు మార్చి, ఇసక పొరలుగా పోసి, ప్రతి పొరా తడిపి, అద్దెకు తెచ్చిన ప్లేట్ కంపాక్టర్‌తో తొక్కించాను. మన ఊళ్లో దిమ్మిసతో చేసే పనే, చప్పుడే వేరు. పైన కాంక్రీటు బదులు ఇటుక పేవర్లు పరిచాను.

దారం కట్టి స్పిరిట్ లెవెల్ పెట్టి, బుడగ సరిగ్గా మధ్యలో నిలిచిందని గర్వంగా ఫొటో పంపాను. వెంటనే ఫోను.

"అబ్బాయ్, అది బాటా, అన్నం తినే బల్లా? వాటమేదీ?"

రెండు వరసలు లేపి, మీటరుకి పది మిల్లీమీటర్ల చొప్పున పచ్చిక వైపుకి దించాను. చెంబు నీళ్లు పోస్తే గరాజ్ గోడని తాకకుండా వెళ్లిపోయాయి. మిగిలిన పన్నెండు పేవర్లు షెడ్డు వెనక పేర్చి ఉంచాను. వచ్చే జూలైకి ఏ మూలైనా దిగితే చేత్తో లేపి, రెండు దోసిళ్ల ఇసక వేసి పెట్టుకుంటాను.