అలాగే రాయండి

1973 సెప్టెంబరు 11న చిలీలో సైన్యం అధికారం చేజిక్కించుకుంది. సైన్యాధిపతి పినోచెట్ పాలనలో వేలమందిని పట్టుకుపోయి హింసించారు. కొందరి ఆచూకీ ఇప్పటికీ లేదు. అలాంటిదేమీ జరగలేదని ప్రభుత్వం బుకాయించేది. ఆ రోజుల్లో చర్చిల అండతో నడిచిన సహాయ సంస్థల్లో కొందరు మనస్తత్వ నిపుణులు, జైళ్లనుంచి బయటపడ్డవాళ్ల మాటలను టేపు రికార్డర్‌లో ఎక్కించేవారు. వైద్యం చేద్దామని కాదు, రేపెప్పుడైనా సాక్ష్యంగా పనికొస్తుందని. ఆ మాటల్ని కాగితం మీద పెట్టి, చెప్పినవాళ్ల పక్కనే కూర్చుని దిద్ది, చివరికి ఒక పత్రంగా వాళ్ల చేతిలో పెట్టేవారు. ఈ పనిలో చెప్పినవాళ్లే కుదుటపడుతున్నారని గమనించినవాళ్లలో ఎలిజబెత్ లిరా, యుహేనియా వైన్‌స్టైన్ ఉన్నారు. 1983లో ఒక అమెరికన్ పత్రికలో దాని గురించి వ్యాసం రాశారు, సియెన్‌ఫ్యూగోస్, మొనెల్లి అనే మారుపేర్లతో. ఎదుటివాళ్ల నిజాన్ని పేరుపెట్టి రాయించినవాళ్లకు తమ పేరు పెట్టుకునే ధైర్యం ఆ దేశం ఇవ్వలేదు. లిరా తర్వాతి కాలంలో, 2003లో, చిత్రహింసల బాధితుల గోడు నమోదు చేసిన అధికారిక కమిషన్‌లో సభ్యురాలయ్యారు. ఆ కమిషన్ 27 వేలమందికి పైగా బాధితులను గుర్తించింది.

టెస్టిమొనీ థెరపీ అని దీన్నే అంటారు. గృహహింస, లైంగిక హింస నుంచి బయటపడ్డ ఆడవాళ్లతో పనిచేసే థెరపిస్టుగా నేను ఎక్కువగా వాడేది ఈ తోవనే. ట్రామాకు వేరే చికిత్సలు లేక కాదు, వాటిలోనూ గట్టివి ఉన్నాయి. కానీ ఇందులో ఒక సంగతి నన్ను కట్టిపడేసింది. కథ మీద పెత్తనం ఎవరిదనేది ఇక్కడ మొదటిరోజే తేలిపోతుంది.

చిలీ వాళ్ల పద్ధతిని జర్మనీలోని కోన్‌స్టాంజ్ విశ్వవిద్యాలయంలో మ్యాగీ షావర్, ఫ్రాంక్ నాయ్‌నర్, థామస్ ఎల్బర్ట్ మరింత పదును పెట్టి, నెరేటివ్ ఎక్స్‌పోజర్ థెరపీగా మలిచారు. వాళ్లు చెప్పేదాని సారం ఇదీ: భయంకరమైన ఘటన తాలూకు వాసన, చప్పుడు, గుండెదడ, వణుకు, ఇవన్నీ ఒకదానికొకటి ముడిపడి ఒకచోట నిలిచిపోతాయి. దీన్ని వాళ్లు వేడి జ్ఞాపకం అన్నారు. అది ఏ సంవత్సరం, ఏ ఊరు, ముందేం జరిగింది, తర్వాతేం జరిగింది అన్నది చల్లటి జ్ఞాపకం. ఈ రెండూ విడిపోయినప్పుడే చిక్కు. తేదీ అతుక్కోని భయానికి నిన్నా నేడూ ఉండవు. మోటార్ సైకిల్ చప్పుడు వింటే చాలు, పదేళ్ల కిందటి రాత్రి ఇప్పుడే జరుగుతున్నట్టు ఒళ్లు జలదరిస్తుంది.

అందుకని మొదట నేల మీద ఒక తాడు పరుస్తాం. ఒక కొస పుట్టుక. రెండో కొసను చుట్టచుట్టి వదిలేస్తాం, అది ఇంకా గడవాల్సిన బతుకు. మంచి జరిగినచోట పువ్వు, చెడు జరిగినచోట రాయి. ఆ రోజు వివరాల్లోకి వెళ్లం. రాయి పెట్టి, దానికో పేరూ కాలమూ చెబితే చాలు. తాడు మొత్తం పరుచుకున్నాక చాలామంది కాసేపు ఊరుకుండిపోతారు. రాళ్లే ఉంటాయనుకుని కూర్చున్నవాళ్లు, అమ్మమ్మగారింట్లో వేసవి సెలవులో, పదో తరగతి పాసైన రోజో గుర్తొచ్చి పువ్వు అడుగుతారు.

తర్వాతి సెషన్లలో పుట్టినప్పటినుంచి వరసగా చెప్పుకుంటూ వస్తారు. రాయి దగ్గరికి వచ్చేసరికి నడక బాగా నెమ్మదిస్తుంది. అప్పుడు గదిలో వెలుతురు ఎలా ఉంది, ఏం వినపడింది, చేతులు ఎక్కడున్నాయి, ఇప్పుడు చెబుతుంటే చేతులు ఎలా ఉన్నాయి? అప్పటికీ ఇప్పటికీ మధ్య అలా అటూ ఇటూ తిప్పుతూనే ఉంటాం. గంటన్నరో ఇంకాస్త ఎక్కువో పడుతుంది. దడ పెరిగినప్పుడు ఆపేయడం పెద్ద తప్పు. అది పెరిగి, మళ్లీ దిగేదాకా కూర్చోవాలి. ఆ మనిషి లేచి బయటికి నడవగలిగే స్థితికి వచ్చాకే ఆ రోజుకు ముగింపు.

మరుసటి వారం, వాళ్లు చెప్పగా మేం రాసింది చదివి వినిపించడంతో మొదలుపెడతాం. ఊరూ పనీ మార్చి ఒకామె సంగతి చెబుతాను. పోయిన వారం తను చెప్పినదాన్నే చదువుతున్నాను: ఆ రాత్రి వంటింట్లో పడిపోయానని, పక్కింటివాళ్లు ఆస్పత్రికి తీసుకెళ్లారని.

“ఆగండి మేడమ్. మధ్యలో ఒకటి పోయింది.”

“ఏం పోయిందక్కా?”

“పక్కింటోళ్లు వాళ్లంతట వాళ్లు వచ్చారా? గడియ లోపల పెట్టి ఉంది. నేనే పాక్కుంటా పోయి గడియ తీశాను. పిల్లను బయటికి తోసి, పెద్దమ్మను పిల్చుకు రమ్మన్నాను.”

“రాస్తాను.”

“అలాగే రాయండి. గడియ నేనే తీశానని.”

అంతకుముందు ఆమె ఆస్పత్రిలో చెప్పింది, స్టేషన్‌లో చెప్పింది, పెద్దమనుషుల ముందు చెప్పింది. అందరూ అడిగింది అతనేం చేశాడనే. ఆ ప్రశ్న అవసరమే, కేసు నిలబడేది దాని మీదే. కానీ అదొక్కటే అడిగితే, ఆమె కథలో ఆమెకు దెబ్బలు తినడం తప్ప వేరే పని ఉండదు. అప్పుడు మీరేం చేశారని అడగడానికీ ఒక పద్ధతి ఉంది. గొంతు కాస్త తేడాగా పలికినా అది నిందలా తగులుతుంది, నువ్వెందుకు పారిపోలేదన్నట్టు వినపడుతుంది. అందుకే ఆ ప్రశ్నను మేం వేసే దానికంటే, చదివింది వింటూ వాళ్లే ఖాళీని పట్టుకోవడం మేలు.

పోలీసు దర్యాప్తులో ఇచ్చిన వాంగ్మూలం మీద చెప్పినవాళ్ల చేత సంతకం పెట్టించకూడదు. ఒకప్పుడు క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 162వ సెక్షన్, ఇప్పుడు భారతీయ నాగరిక సురక్షా సంహిత 181 ఆ మాటే చెబుతాయి. బలవంతపు సంతకాలను అడ్డుకోవడానికి పెట్టిన నియమం, మంచిదే. అయితే స్టేషన్ రైటర్ తన భాషలో రాసుకున్న ఆ కాగితంలో ఆమె నోటి మాట ఎంత మిగులుతుందో కోర్టు వరండాల్లో తిరిగినవాళ్లకు తెలుసు. 2012 నాటి పోక్సో చట్టం ఈ విషయంలో ఒక అడుగు ముందుకేసింది. పిల్లలు ఎలా చెప్పారో అలాగే, వాళ్లు నమ్మేవాళ్ల సమక్షంలో నమోదు చేయాలంటుంది 26వ సెక్షన్. పెద్దవాళ్లకు ఆ మర్యాద ఎందుకు వద్దో నాకు అర్థం కాదు. మా గదిలో తయారైన పత్రం మీద మాత్రం చెప్పిన మనిషి సంతకం ఉంటుంది. రాసినవాళ్ల సంతకం దాని కింద సాక్షిగా ఉంటుంది.

జ్యుడిత్ హెర్మన్ 1992లో వచ్చిన ‘ట్రామా అండ్ రికవరీ’లో కోలుకోవడానికి మూడు దశలు చెప్పారు: ముందు భద్రత, తర్వాత జరిగినదాన్ని గుర్తుచేసుకుని దుఃఖించడం, ఆపైన మళ్లీ నలుగురిలో కలవడం. మన దగ్గర మొదటిదే పెద్ద గండం. కొట్టినవాడితో ఒకే కప్పు కింద ఉంటున్న మనిషితో తాడు పరిపించకూడదు. ముందు తల దాచుకునే చోటు, చేతిలో నాలుగు డబ్బులు, అర్ధరాత్రి ఫోన్ ఎత్తే ఒక మనిషి. నెలల తరబడి నా పని దానితోనే సరిపోతుంది. దాన్ని చికిత్స కాదనేవాళ్లతో నాకు పేచీ.

మూడో దశను వారణాసిలో చాలా సొగసుగా చేశారు. అక్కడి పీపుల్స్ విజిలెన్స్ కమిటీ ఆన్ హ్యూమన్ రైట్స్, డెన్మార్క్ మనస్తత్వ నిపుణురాలు ఇంగర్ అగర్ తోడుగా, 2008 ప్రాంతంలో పోలీసు హింసకు గురైనవాళ్లతో ఈ చికిత్స మొదలుపెట్టింది. మొదటి రెండు సెషన్లలో కథ చెప్పడం, దిద్దుకోవడం. మూడోది సన్మాన సభ. ఊళ్లోవాళ్ల ముందు ఆ పత్రాన్ని పైకి చదివి, ఆ మనిషికి అందిస్తారు. లాఠీ దెబ్బల కన్నా ఆ తర్వాత ఊరు చూసిన చూపే ఎక్కువ కోస్తుందని తెలిసినవాళ్లు ఆలోచించిన ఏర్పాటు అది. లైంగిక హింసలో ఇలాంటి సభ అందరికీ పనికిరాదు. వద్దంటే వద్దు. ఎవరు వినాలో, అసలు ఎవరైనా వినాలో లేదో తేల్చుకోవడమూ వాళ్ల హక్కులోదే.

తెలుగులో ఇలాంటి పని చికిత్స పేరు లేకుండానే జరిగింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ల దగ్గరికి దశాబ్దాల తర్వాత స్త్రీశక్తి సంఘటన వాళ్లు వెళ్లి, చెప్పింది చెప్పినట్టు రికార్డు చేసి, 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’గా అచ్చువేశారు. దళాల్లో తిరుగుతూ పసిబిడ్డను వదులుకోవాల్సి వచ్చిన కమలమ్మ మాటలు అందులో ఉన్నాయి. ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నేను పాఠ్యపుస్తకాల కంటే ముందు దాన్ని ఇస్తాను. ఎక్కడ ఆపకుండా వినాలో అందులో కనిపిస్తుంది.

మరి ఇది నిజంగా పనిచేస్తుందా? ఉగాండాలోని ఇంవేపి శిబిరంలో 43 మంది సూడాన్ శరణార్థులతో చేసిన పరిశోధన 2004లో వెలువడింది. నెరేటివ్ ఎక్స్‌పోజర్ థెరపీ నాలుగు సెషన్లు అందుకున్నవాళ్లలో ఏడాది తర్వాత 29 శాతం మందికే పీటీఎస్‌డీ అనే ట్రామా జబ్బు ఇంకా మిగిలింది. మామూలు కౌన్సెలింగ్ పొందినవాళ్లలో అది 79 శాతం. చిన్న పరిశోధనే, కానీ తేడా పెద్దది. మరోపక్క మొజాంబిక్ పల్లెల్లో టెస్టిమొనీ పద్ధతిని పరీక్షిస్తే, చెప్పినవాళ్లూ చెప్పనివాళ్లూ ఇంచుమించు ఒకేలా కోలుకున్నారు. ఇంకో హెచ్చరిక కూడా ఉంది. ప్రమాదం జరిగిన వెంటనే ఒక్క సిట్టింగులో అందరిచేతా అంతా చెప్పించే డిబ్రీఫింగ్ వల్ల మేలు లేదని, కొందరికి కీడు కూడా జరగొచ్చని పరిశోధనల్లో తేలింది. కడుపులో ఉన్నది కక్కేస్తే పోతుందన్న నమ్మకంతో వరద బాధితుల మీద పడే కౌన్సెలర్లు ఇది తెలుసుకోవాలి.

ఉగాండాలోనే నకివాలే శిబిరంలో శరణార్థుల్లోంచే కొందరికి ఆరు వారాల శిక్షణ ఇచ్చి ఈ పని అప్పగిస్తే మంచి ఫలితాలు వచ్చాయి. కాస్త వేరే రకం ట్రామా కౌన్సెలింగ్ నేర్చుకున్నవాళ్లకూ దాదాపు అంతే వచ్చాయి. అంటే పెద్ద డిగ్రీలు లేనివాళ్లు కూడా నేర్చుకోగలరు. హింసకు గురైన ఆడవాళ్ల కోసం నడిచే మన సఖి కేంద్రాల్లో రోజంతా కేసు ఫారాలు నింపే అమ్మాయిల్లో ఇది చేయగలవాళ్లు చాలామంది నాకు తెలుసు. వాళ్లకు లేనిదల్లా లోపలినుంచి వేసుకునే తలుపున్న గది, ఫోన్ మోగని గంటన్నర, విన్నదాని బరువు వారానికొకసారి దించుకోవడానికి ఒక అనుభవజ్ఞుడైన పెద్ద దిక్కు. మూడోది దొరకనిచోట మొదలుపెట్టొద్దనే నేను చెబుతున్నాను.