రబ్బరు వైద్యం

ఈ వారం నాకు ఒళ్లు మండించింది ఓ ల్యాప్‌టాప్ అడుగు మూత. మేనకోడలు కొత్తగా కొనుక్కుంది. 8 జీబీ ర్యామ్. "మీటింగు నడుస్తుండగా బ్రౌజర్ తెరిస్తే చాలు, మూలుగుతోంది మామయ్యా. నువ్వయితే ర్యామ్ పెంచేస్తావుగా" అంది. మూత విప్పితే అసలు స్లాటే లేదు. చిప్పుల్ని మదర్‌బోర్డుకే సోల్డర్ చేసి పారేశారు. విప్పుకోలేని యంత్రం మనది కాదని ఇక్కడ నేనెంత గోల పెట్టానో పాత పాఠకులకు గుర్తే ఉంటుంది.

విడిగా కొందామన్నా ఇది ర్యామ్ కొనే కాలం కాదు. ఏఐ సర్వర్ల గిరాకీతో తయారీ కంపెనీలన్నీ అటు తిరిగాయి, ధరలు మండిపోతున్నాయి. మైక్రాన్ అయితే 2025 డిసెంబరులో, మనలాంటి చిల్లర కొనుగోలుదార్ల కోసం నడిపే క్రూషియల్ వ్యాపారాన్నే ఆపేస్తున్నట్టు ప్రకటించింది.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ తెలియనివాళ్లు ఈ కాలమ్ చదవరనే నా నమ్మకం. చెనాయ్ ట్రేడ్ సెంటర్. అన్నీ విప్పుకునే వీలున్న ఆ రోజుల్లో మదర్‌బోర్డు ఒక షాపులో, క్యాబినెట్ పక్క షాపులో, హార్డ్‌డిస్క్ పై అంతస్తులో. చీటీ మీద రేట్లు రాయించుకుని, మెట్లెక్కి దిగి బేరమాడి, అన్నీ ఇంటికి మోసుకొచ్చి బిగించుకునేవాళ్లం. అలా బిగించిన వాటిలో ఏదో ఒకటి ఓ పొద్దున బొమ్మ చూపించడం మానేసేది. ఫ్యాను తిరుగుతుంది, పొడుగ్గా ఒక బీప్, మళ్లీ బీప్. వెంటనే నాకు కబురొచ్చేది.

వైద్యం చిన్నదే. ప్లగ్ పీకి, క్యాబినెట్ పక్క రేకు విప్పి, ర్యామ్‌కి రెండు కొసలా ఉన్న తెల్ల క్లిప్పుల్ని బొటనవేళ్లతో వెనక్కి వంచాలి. స్టిక్ పైకి లేస్తుంది. అడుగునున్న బంగారు రంగు పిన్నుల్ని పిల్లల పెన్సిలు రబ్బరుతో మెల్లగా రుద్దితే, రబ్బరు మీద నల్లటి చార పడుతుంది. ఆ నలుపే జబ్బు. పొట్టు బ్రష్‌తో దులపాలి గానీ నోటితో ఊదకూడదు, తుంపరలు పడతాయి. గాటు సరిచూసుకుని స్లాట్‌లో పెట్టి నొక్కితే క్లిప్పులు రెండూ టక్కుమంటాయి. తెర మీద బొమ్మ, చేతిలోకి కాఫీ. సముద్రగాలి తగిలే విశాఖ, కాకినాడ వాళ్లకు ఈ వైద్యం గురించి వేరే చెప్పక్కర్లేదు.

ఆ రోజులే నయమని ముగించేద్దామనుకున్నా. కానీ ఆ నలుపు పట్టింది ఎక్కడ? పిన్నుకీ స్లాట్‌కీ మధ్య. విప్పుకునే వీలుండబట్టే ఆ జబ్బు! సోల్డర్ చేసిన చిప్పుకి దుమ్మూ చెమ్మా చేరే ఆ సందే లేదు. పైగా మేనకోడలి ల్యాప్‌టాప్‌లో ఉన్నది ఎల్పీడీడీఆర్, ఫోన్లలో వాడే రకం. తక్కువ వోల్టేజీతో నడుస్తూనే అంత వేగం అందుకోవాలంటే ప్రాసెసర్‌ పక్కనే ఉండాలి, సిగ్నల్ నడిచే దారి పొట్టిగా ఉండాలి. మామూలు స్లాట్ పెడితే ఆ దారి పొడుగవుతుంది. మరలతో బిగించే ఎల్పీక్యామ్2 అనే కొత్త మాడ్యూల్ 2024లో థింక్‌ప్యాడ్ పీ1లో వచ్చింది గానీ, అది ఖరీదైన వర్క్‌స్టేషన్. చిప్పు పోతే బోర్డే మార్చాలి, నిజమే. అయినా ర్యామ్ జీవితకాలంలో ఎన్నిసార్లు పెంచుతాం? మహా అయితే ఒకసారి. ఆ డబ్బేదో కొనేరోజే పెట్టి 16 జీబీ తీసుకుంటే సరి. సోల్డర్‌తో నాకిక పేచీ లేదు.

నా పేచీ జిగురుతో. ర్యామ్ అరగదు, బ్యాటరీ అరుగుతుంది. టచ్‌ప్యాడ్ నొక్కుకోవడం లేదని ఎవరైనా ల్యాప్‌టాప్ తెస్తే, కింద బ్యాటరీ ఉబ్బి దాన్ని పైకి నెడుతోందేమోనని ముందు చూస్తాను. సన్నటి మోడళ్లు కొన్నిట్లో దాన్ని జిగురుతో అంటిస్తారు. ఉబ్బిన బ్యాటరీ కింద ప్లాస్టిక్ కార్డు దూర్చి పీకడం గుండె దిటవున్నవాళ్ల పని. ఎక్కడన్నా చిల్లు పడిందా, మంటే. యూరోపియన్ యూనియన్ చట్టం ప్రకారం 2027 ఫిబ్రవరి 18 నుంచి, కొన్ని మినహాయింపులు పోను, ఇలాంటి బ్యాటరీల్ని వాడేవాళ్లే తీసి మార్చుకునేలా ఉంచాలి. అక్కడ అమ్మే మోడళ్లు చాలావరకు ఇక్కడికీ వస్తాయి గనక, ఆగగలిగినవాళ్లను ఆగమంటున్నా. ఆగలేనివాళ్లు ఆ మోడల్ మూత విప్పి చూపించే వీడియో ఒకటి యూట్యూబ్‌లో వెతికి, బ్యాటరీకి మరలున్నాయో లేదో చూసుకుని మరీ డబ్బు కట్టండి.