బ్రాంచి ఎంపిక ఎవరి చేతిలో ఉంది?

ర్యాంకులు వచ్చే రోజుల్లో దినపత్రికల చదువుల పేజీలన్నీ ఒకే మాట మాట్లాడతాయి. నీకేది ఇష్టమో తెలుసుకో, నీ శక్తిని తూకం వేసుకో, మార్కెట్ ఎటు పోతుందో చూడు, ఆ తర్వాత బ్రాంచి ఎంచుకో. ఇంజనీరింగా, సైన్సా? కంప్యూటరా, సివిలా? నిపుణులు ఇచ్చే ఈ సలహాలో కులం అనే మాట ఎక్కడా కనబడదు. కనబడదు కాబట్టి ఇది అందరికీ వర్తించే సలహాగా చెలామణి అవుతుంది. మేము ఈ సలహాను కథనో కవితనో చదివినట్టు జాగ్రత్తగా చదవదలుచుకున్నాం. ఇది ఎవరిని ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడుతున్నది, ఎవరిని గది బయట నిలబెట్టింది అని అడగదలుచుకున్నాం.

ఈ సలహా మూడు విషయాలను ముందే ఒప్పేసుకుని మొదలవుతుంది. ఇంట్లో అడగటానికి చదువుకున్న మనిషి ఒకరుంటారని. ఈసారి తప్పితే ఇంకో ఏడాది కోచింగుకు పంపే స్తోమత ఉంటుందని. ఇష్టం అనేది పిల్లల లోపల్నించి దానంతటదే పుట్టుకొస్తుందని. మొదటి రెండూ మన ఇళ్లల్లో ఉండవని మనకు తెలుసు. మూడోదాన్ని మాత్రం మనం కూడా నమ్ముతున్నాం. అక్కడే చిక్కు వస్తున్నది.

ఇష్టం ఎట్ల పుడుతుంది? తండ్రి ఇంజనీరు, మేనత్త డాక్టరు అయిన ఇంట్లో పిల్లవాడు అన్నం తింటూనే పది ఉద్యోగాల పేర్లు వింటాడు. పాడైన రేడియో విప్పి చూస్తే వాణ్ణి మెచ్చుకుంటారు. మన వాడలో పిల్లవాడు అదే పని చేస్తే వీపు పగులుతుంది, ఎందుకంటే ఆ ఇంట్లో ఇంకో రేడియో లేదు. చాలా ప్రభుత్వ బడుల్లో ప్రయోగశాల అంటే తాళం వేసిన బీరువా. లిట్మస్ కాగితం రంగు మారటం కళ్లతో చూడని పిల్లను నీకు కెమిస్ట్రీ ఇష్టమా అని అడగటం, సముద్రం చూడనివాణ్ణి నీకు ఈత ఇష్టమా అని అడిగినట్టే ఉంటుంది. ఇష్టానికి కూడా పెట్టుబడి కావాలి. తరతరాలుగా ఆ పెట్టుబడి ఎవరి దగ్గర పోగుపడిందో చెప్పకుండా ఇష్టం గురించి మాట్లాడటం అగ్రవర్ణ అనుభవాన్ని మనిషి స్వభావంగా చూపించటమే.

ఇంకో సంగతి. బ్రాంచి నిర్ణయం ఇంటర్ అయినాక జరుగుతుందని ఈ పేజీలు అనుకుంటాయి. మన పిల్లల విషయంలో అది పదో తరగతి మెమో చేతికొచ్చిన వారంలోనే అయిపోతుంది. లెక్కలు నీవల్ల కావు, సీఈసీ తీస్కో అని ఒక సారు అన్న మాటతో ఇంజనీరింగ్ తలుపు, బీఎస్సీ ఫిజిక్సు తలుపు రెండూ ఒకేసారి మూసుకుంటాయి. హెచ్ఈసీ నుంచి అటు వెళ్లే దారి లేదు. ఆ సారు చెడ్డవాడు కానక్కర్లేదు. ఏ వాడ నుంచి వచ్చిన పిల్లకు ఏ గ్రూపు సరిపోతుందో ఆయన మనసులో ముందే రాసి ఉంటుంది. ఈ సంగతిని ప్రభుత్వమే ఒకసారి ఒప్పుకున్నది. 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో ట్రిపుల్ ఐటీలు పెట్టి, పదో తరగతి మార్కులతోనే ఆరేళ్ల ఇంజనీరింగ్ చదువులోకి తీసుకున్నారు. సర్కారు బడిలో చదివిన పిల్లలకు గ్రేడు సగటుకు 0.4 కలిపే పద్ధతి పెట్టారు. బడికీ బడికీ మధ్య ఉన్న అంతరానికి ఒక అంకె ఇవ్వటం చిన్న విషయం కాదు. కానీ ఆ ఆలోచన ట్రిపుల్ ఐటీలను దాటి మామూలు జూనియర్ కాలేజీ దాకా రాలేదు.

ఈ అంతరం నిన్న మొన్నటిది కాదు. అజంతా సుబ్రమణియన్ 2019లో వచ్చిన 'ది క్యాస్ట్ ఆఫ్ మెరిట్' అనే పుస్తకంలో ఐఐటీ మద్రాసు చరిత్రను తవ్వుతూ వలస పాలన కాలం దాకా వెళ్లింది. చేతివృత్తుల కులాల దగ్గర ఉన్న సాంకేతిక జ్ఞానం తరగతి గదిలోకి, పుస్తకంలోకి మారినప్పుడు దాని యజమానులు కూడా మారిపోయిన తీరును ఆమె వివరించింది. పని చేసే చేతులకు ఇండస్ట్రియల్ స్కూలు, పని చేయించే తలలకు ఇంజనీరింగ్ కాలేజీ. గోడ కట్టినవాడు మేస్త్రీగానే ఉండిపోయాడు, గోడ బొమ్మ గీసినవాడు ఇంజనీరయ్యాడు. ఇవాళ ఐటీఐ, పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ అనే మూడంతస్తుల మేడలో ఏ అంతస్తులో ఎవరి పిల్లలు ఎక్కువగా ఉన్నారో మీ మండలంలో ఒకసారి లెక్క తీసి చూడండి.

తోలు పనినే తీసుకుందాం. పచ్చి తోలును సున్నంలో నానేసి వెంట్రుక ఊడదీయటం, తంగేడు చెక్క, కరక్కాయ రసంతో లందలో ఊరబెట్టి కుళ్లని తోలుగా మార్చటం రసాయన శాస్త్రమే. ఆ చెక్కలో ఉండే టానిన్లు తోలులోని ప్రోటీనును గట్టిగా పట్టుకుంటాయి. మాదిగలు ఈ పనిని తరాలుగా చేశారు. 1948లో మద్రాసులో కేంద్ర తోలు పరిశోధన సంస్థ వచ్చింది, అదే జ్ఞానం లెదర్ టెక్నాలజీ అనే పట్టా అయింది. లంద దగ్గర ఉన్నంతకాలం అది అంటరాని పని. ప్రయోగశాలలోకి పోంగనే గౌరవమైన సైన్సు. కంచ ఐలయ్య 2009లో వచ్చిన 'పోస్ట్ హిందూ ఇండియా'లో మాదిగలను శాస్త్రవేత్తలన్నాడు. ఆ మాట అవసరమైనదే. అయితే అక్కడే ఆగిపోతే చాలదంటాం మేము. తాత శాస్త్రవేత్త అని సభలో చప్పట్లు కొట్టినంత మాత్రాన మనవరాలికి కెమిస్ట్రీ ల్యాబు దొరకదు. గతం గురించిన గర్వం రేపటి సీటు గురించిన కొట్లాటకు బలం కావాలి గాని, దాని బదులు నిలబడకూడదు.

ఈ కొట్లాటను అందరికన్నా ముందు స్పష్టంగా చూసినవారు అంబేద్కర్. స్వయంగా ఆర్థికశాస్త్రం, న్యాయశాస్త్రం చదివిన మనిషి ఆయన. అయినా 1942 అక్టోబరులో వైస్రాయికి ఇచ్చిన వినతిపత్రంలో ఆర్ట్సు, లా చదువులు షెడ్యూల్డ్ కులాలకు అంతగా ఉపయోగపడవని, సైన్సు, టెక్నాలజీల్లో పై చదువులే కావాలని వాదించారు. ఆ చదువుల ఖర్చు మన కుటుంబాలు మోయలేవు కాబట్టి ప్రభుత్వమే భరించాలని, ఇక్కడి సంస్థల్లో చదవటానికి, విదేశాలకు వెళ్లటానికి స్కాలర్‌షిప్పులు ఇవ్వాలని అడిగారు. 1944లో మొదలైన పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పుల వెనక ఈ ఒత్తిడి ఉన్నది. ఆయన పిల్లల ఇష్టాయిష్టాల గురించి మాట్లాడలేదని గమనించాలి. ఒక జాతి మొత్తానికి ఏ జ్ఞానం అందకుండా పోతున్నదో చూసి, దాన్ని రాజ్యం బాధ్యతగా మార్చారు. బ్రాంచి అనేది ఒక్క మనిషి సొంత సమస్య అనే ఇవాళ్టి సలహాకు ఇది పూర్తిగా ఎదురు నిలిచే ఆలోచన.

మరి ఇవాళ ఆ ఆలోచన ఎక్కడిదాకా వచ్చింది? ఫీజు రీయింబర్స్‌మెంటు పుణ్యమాని వేలాది దళిత కుటుంబాల్లో మొదటి ఇంజనీర్లు పుట్టారు. దీన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లతో మాకు పొత్తు లేదు. కానీ అదే కాలంలో కాలేజీలు సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్ సీట్లు తగ్గించుకుని కంప్యూటర్ సైన్సు, దాని పిల్ల కోర్సులు పెంచుకుంటూ పోయాయి. ఒక బ్రాంచిలో ఇన్ని సీట్లే ఉండాలన్న పైహద్దును ఏఐసీటీఈ 2024-25 నుంచి ఎత్తేసింది. అంటే కౌన్సెలింగుకు పోయే పిల్ల ముందు ఉన్న జాబితాను కాలేజీ యజమాని ముందే కుదించి పెట్టాడు. మిగిలినదాంట్లో వేలు పెట్టి చూపించటాన్ని ఎంపిక అంటున్నారు.

ఇక్కడ అసలు ప్రశ్న ఒకటి ఉన్నది. కంప్యూటర్ బ్రాంచి సీటులో రిజర్వేషన్ ఉంది. ఆ బ్రాంచి తీసుకుపోయే సాఫ్ట్‌వేర్ కంపెనీలో రిజర్వేషన్ లేదు. సివిల్, ఎలక్ట్రికల్ చదివితే నీటిపారుదల, రోడ్లు, విద్యుత్ సంస్థలు, రైల్వేలు ఉన్నాయి, అక్కడ రోస్టరు ఉంది. కానీ 1991 తర్వాత సర్కారు కొలువులు కుంచించుకుపోతూ వచ్చాయి, నోటిఫికేషను ఎప్పుడొస్తుందో చెప్పేవాళ్లు లేరు. బీఎస్సీ తీసుకుంటే బీఈడీ, డీఎస్సీ దారి, లేదంటే ఎమ్మెస్సీ, ఫెలోషిప్పు, పరిశోధన దారి. అది నిలకడైన దారి గాని పొడుగైన దారి. ఇరవై ఒకటో ఏట జీతం తేవాల్సిన పిల్లకు ముప్పయ్యో ఏటి దాకా ఆగమని చెప్పటం సులువు కాదు. ఒక పక్క త్వరగా వచ్చే జీతం, దానికి రక్షణ లేదు. ఇంకో పక్క రక్షణ, దానికి ఖాళీల్లేవు. ఈ రెండింటి మధ్య నలిగే పిల్లకు నీ మనసు చెప్పింది విను అనటం సలహా ఎట్లయితది? ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ల డిమాండుకీ బ్రాంచి ఎంపికకీ ఉన్న సంబంధం మన సభల్లో చర్చకు రావాలి. ఇప్పటిదాకా ఈ రెండింటినీ వేరువేరు సంచుల్లో పెట్టుకుని తిరుగుతున్నాం.

ఆడపిల్ల విషయంలో ఇంకో మెలిక ఉంది. ఆమె బ్రాంచిని తరచూ హాస్టలు నిర్ణయిస్తుంది. బస్సు దిగి చీకటిపడక ముందు ఇల్లు చేరగలిగే కాలేజీలో ఏ కోర్సు ఉంటే అదే ఆమె ఇష్టంగా నమోదవుతుంది. అందుకే సంక్షేమ హాస్టలు ఎక్కడ కట్టాలనేది కూడా సైన్సు విద్యకు సంబంధించిన విషయమే.

సీటు దొరికినాక కథ అయిపోతుందా? 2023 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పిన లెక్క ప్రకారం, అంతకు ముందు అయిదేళ్లలో ఐఐటీల నుంచి 1,068 మంది ఎస్సీ, 408 మంది ఎస్టీ విద్యార్థులు మధ్యలో వెళ్లిపోయారు. దీనికి సర్కారు ఇచ్చిన వివరణ ఏమంటే, విద్యార్థులకు చాలా అవకాశాలుంటాయి, వేరే కోర్సులకు, వేరే సంస్థలకు మారటాన్ని వాళ్లే ఎంచుకుంటారని. చేరటమూ ఎంపికే, వెళ్లిపోవటమూ ఎంపికేనట. 2015లో ఐఐటీ రూర్కీ మొదటి ఏడాది మార్కులు తక్కువొచ్చాయని 73 మందిని తీసేసింది. వాళ్లలో ఎక్కువమంది రిజర్వుడు వర్గాల పిల్లలు. గొడవయ్యాక మళ్లీ అవకాశమిచ్చారు. 2023 ఫిబ్రవరిలో ఐఐటీ బొంబాయిలో కెమికల్ ఇంజనీరింగ్ మొదటి ఏడాది చదువుతున్న దళిత విద్యార్థి దర్శన్ సోలంకి చనిపోయాడు. తోటివాళ్ల ర్యాంకు, కులం అడగొద్దని ఆ సంస్థ అదే ఏడాది విద్యార్థులకు రాసి చెప్పాల్సొచ్చింది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఫిజిక్సు పరిశోధనకు చేరిన సెంథిల్ కుమార్ 2008లో చనిపోయాడు. సైన్సు రచయిత కావాలనుకున్న రోహిత్ వేముల 2016 జనవరిలో చనిపోయాడు. వీళ్లను రాజకీయ చిహ్నాలుగా గుర్తుపెట్టుకున్నాం. సైన్సును కోరుకున్న మనుషులుగా కూడా గుర్తుపెట్టుకోవాల్సి ఉంది.

ఇది చదివే విద్యార్థులకు కొన్ని మాటలు సూటిగా చెబుతాం. వెబ్ ఆప్షన్లు ఇంటర్నెట్ సెంటరు వాడి చేతికి వదలొద్దు. పాస్‌వర్డు, ఓటీపీ ఏ కాలేజీ ఏజెంటుకూ ఇవ్వొద్దు. ఆప్షన్ల వరసలో పైన పెట్టిందే ముందు చూస్తారు కాబట్టి, నిజంగా కావాల్సింది పైన పెట్టాలి, చేరటానికి మనసులేని కాలేజీని జాబితాలోనే పెట్టొద్దు. కాలేజీ గేటు బయట నిలబడి రెండో ఏడాది పిల్లల్ని అడగండి, ఎంతమంది మొదటి ఏడాది సబ్జెక్టులన్నీ పాసయ్యారు, ల్యాబు వారానికి ఎన్నిసార్లు తెరుస్తారు అని. ఆ బ్రాంచి ఏ ప్రభుత్వ పోస్టులకు అర్హత ఇస్తుందో పాత నోటిఫికేషన్లు తీసి చూడండి. డిప్లొమా చేసినవాళ్లకు ఈసెట్ రాసి నేరుగా ఇంజనీరింగ్ రెండో ఏడాదిలోకి పోయే దారి ఉందని మరిచిపోవద్దు. సైన్సు మీద మనసు ఉన్నవాళ్లకు డిగ్రీ కాలేజీ ఒక్కటే గమ్యం కాదు. 2015లో మొదలైన తిరుపతి ఐసర్ లాంటి చోట్లకు ప్రవేశ పరీక్ష వేరుగా ఉంటుంది, దరఖాస్తు తేదీ దాటిపోయాక తెలిసి లాభం లేదు.

ఉపాధ్యాయులకు, సంఘాలకు చెప్పాల్సింది వేరే. మనం జూన్ నెలలో స్కాలర్‌షిప్పుల కోసం ధర్నా చేస్తున్నాం, అది చేయాల్సిందే. అప్పటికి సగం మంది పిల్లల గ్రూపు తేలిపోయి ఉంటుంది. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు మొదటి సెమిస్టరు లెక్కలు, ఫిజిక్సు తెలుగులో విడమరిచి చెప్పే సీనియర్లు ప్రతి హాస్టల్లో ఇద్దరు ముగ్గురైనా ఉంటారు, వాళ్లను కూడగట్టాలి. ఇంజనీరింగ్ పాఠాలు తెలుగులో చెప్పటానికి ఏఐసీటీఈ 2021లో అనుమతి ఇచ్చింది. అది కాగితం మీద మిగిలిపోతుందా, మన పిల్లలకు పనికొస్తుందా అనేది మనం అడిగేదాన్ని బట్టి ఉంటుంది. హైస్కూలు బీరువా తాళం తీయమని అడగటానికి పెద్ద ఉద్యమం అక్కర్లేదు, నలుగురు తల్లిదండ్రులు బడికి పోతే చాలు. ఈ ఏడాది పదో తరగతి పరీక్షలు మొదలయ్యేలోగా ప్రతి కార్యకర్త తన ఊరి బడికి ఒక్కసారి వెళ్లి, ఏ గ్రూపు ఎక్కడికి పోతుందో పిల్లలకు బోర్డు మీద రాసి చెప్పాలని కోరుతున్నాం.