కెర్నెల్‌లో ఆబ్జెక్టులకు కాపలా ఎవరు?

కాకినాడలోనైనా, భీమవరంలోనైనా, రాజమహేంద్రవరంలోనైనా కంప్యూటర్ సైన్స్ చదివే పిల్లలకు సి భాష ఒక పేపరు, జావా ఇంకో పేపరు, ఆపరేటింగ్ సిస్టమ్స్ మరో పేపరు. ఆబ్జెక్టుల పద్ధతి అప్లికేషన్లకే పనికొస్తుందని, ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగమైన కెర్నెల్ అంటే సి తప్ప మరేదీ కాదని అనుకోవడం అలా అలవాటవుతుంది. కెర్నెల్ సోర్సు తెరిచి చూస్తే ఆ మాట నిలవదు. ఆబ్జెక్టులు అక్కడ దశాబ్దాలుగా ఉన్నాయి. తేలాల్సింది ఒక్కటే: వాటి నియమాలను ప్రోగ్రామరు చేత్తో పాటించాలా, కంపైలరుకు అప్పగించాలా? నా మొగ్గు కంపైలరు వైపే, అయితే షరతులున్నాయి.

ముందు ఆ పాత పనితనం ఎలాంటిదో చూడాలి. లినక్స్‌లో ఫైలు చదవాలంటే ప్రోగ్రామ్ ఒకే సిస్టమ్ కాల్ వాడుతుంది. ఆ ఫైలు హార్డ్ డిస్కులో ఉండొచ్చు, నెట్‌వర్క్ అవతలి సర్వర్లో ఉండొచ్చు, కెర్నెల్ అప్పటికప్పుడు పుట్టించే ప్రాక్ ఫైలూ కావొచ్చు. తెరిచిన ప్రతి ఫైలుకూ ఫైల్ ఆపరేషన్స్ అనే పట్టిక చిరునామా అంటిపెట్టుకుని ఉంటుంది. చదవడానికి, రాయడానికి ఏ ఫంక్షన్ను పిలవాలో అందులో పాయింటర్లుగా ఉంటుంది. సి ప్లస్ ప్లస్‌లో వర్చువల్ ఫంక్షన్ చేసే పని ఇదే. అక్కడ పట్టికను కంపైలరు కడుతుంది, ఇక్కడ మనిషి కడతాడు. సన్ మైక్రోసిస్టమ్స్ తన యూనిక్స్‌లో 1980ల మధ్యలోనే వీనోడ్ పేరుతో ఈ దారి వేసింది. వారసత్వానికీ ఉపాయం ఉంది: తల్లి స్ట్రక్చర్‌ను పిల్ల స్ట్రక్చర్‌లో ఇముడుస్తారు, తల్లి చిరునామా మాత్రమే చేతిలో ఉంటే, కంటైనర్ ఆఫ్ అనే మాక్రో దానిలోంచి తగినన్ని బైట్లు తీసివేసి పిల్ల చిరునామా చెబుతుంది. ఆబ్జెక్టు ఆయుష్షుకు కేరెఫ్ లెక్క ఉంది. పట్టుకున్నవారు ఒకటి కలుపుతారు, వదిలినవారు ఒకటి తీస్తారు, సున్నా కాగానే విడుదల ఫంక్షన్ నడుస్తుంది. 1993లో వచ్చిన విండోస్ ఎన్‌టీలోనూ ప్రాసెస్, థ్రెడ్, ఫైల్, ఈవెంట్ అన్నీ ఆబ్జెక్టులే, ఆ కెర్నెల్ రాసింది ప్రధానంగా సిలోనే. ఇంత తక్కువ సరంజామాతో ఇంత సాధించిన పనిని గౌరవంగా చదవాలి.

కానీ ఈ లెక్కలన్నీ నమ్మకం మీద నడుస్తాయి. చేతికొచ్చిన పాయింటరు నిజంగా ఆ పెద్ద స్ట్రక్చర్ లోపలిదేనా అని కంటైనర్ ఆఫ్ అడగదు. ఒకటి తీయడం మరిస్తే మెమరీ కారిపోతుంది; ఒకసారి ఎక్కువ తీస్తే ఇంకొకరు వాడుతున్న జాగా ఖాళీ అయిపోతుంది. పొలం గట్టు తెగితే ఒక చేను మునుగుతుంది, ప్రధాన కాలువ గట్టు తెగితే ఊళ్లకు ఊళ్లే మునుగుతాయి. అప్లికేషన్లో తప్పుకూ కెర్నెల్లో తప్పుకూ అంత తేడా. తమ ఉత్పత్తుల్లో ఏటా నమోదయ్యే భద్రతా లోపాల్లో దాదాపు 70 శాతం మెమరీ తప్పులేనని మైక్రోసాఫ్ట్ ఇంజనీర్లు 2019లో చెప్పారు. ఆ కంపెనీలో నైపుణ్యం లేదని ఎవరూ అనరు. జాగ్రత్త ఒక్కటే చాలదని ఆ లెక్క చెబుతోంది.

దీనికి ఎదురుగా ఉన్న వాదన బలమైనదే. 1992లో లినక్స్‌లో సి ప్లస్ ప్లస్ ప్రయత్నించి వదిలేశామని లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ 2004లో రాశారు. ఎక్సెప్షన్లు కెర్నెల్‌కు సరిపడవని, మెమరీ కేటాయింపును కళ్లకు కనబడకుండా చేసే భాష అక్కడ పనికిరాదని ఆయన ఆక్షేపణ. ఇంటరప్ట్ హ్యాండ్లర్లో నిద్రపోయే కేటాయింపు కుదరదు కాబట్టి ఆ మాట న్యాయం. అయితే అది భాషలోని కొన్ని సదుపాయాల మీద అభ్యంతరం, ఆబ్జెక్టుల మీద కాదు. మ్యాక్ ఓఎస్ టెన్‌లో ఆపిల్ తన డ్రైవర్ల చట్రాన్ని సి ప్లస్ ప్లస్‌లోనే కట్టింది, ఎక్సెప్షన్లు, టెంప్లేట్లు, బహుళ వారసత్వం పక్కనపెట్టి. గూగుల్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫ్యూషియాలోని జిర్కాన్ కెర్నెల్ కూడా ప్రధానంగా సి ప్లస్ ప్లస్‌దే. చెత్త మెమరీని తానే ఏరే భాషల సంగతి వేరు. ఎంఐటీ పరిశోధకులు గో భాషలో బిస్కట్ అనే కెర్నెల్ రాసి 2018లో కొలతలు ప్రకటించారు: ఒకే తీరు కోడ్‌లో సి కంటే 5 నుంచి 15 శాతం నెమ్మది. పరిశోధనకు అది గొప్ప ఫలితం. కోట్ల యంత్రాలు నడిపే కెర్నెల్‌కు మాత్రం ఆ ధర ఇంకా ఎక్కువేనని నా అభిప్రాయం.

2022 డిసెంబరులో వచ్చిన లినక్స్ 6.1లో రస్ట్ భాషకు చోటు దొరికింది. రస్ట్‌లో క్లాసుల వారసత్వమే లేదు కదా అనొచ్చు. నిజమే, కానీ కెర్నెల్‌కు కావలసింది వంశవృక్షం కాదు. పనుల పట్టిక, ఆయుష్షు లెక్క. పట్టిక పని రస్ట్‌లో ట్రెయిట్ అనేది చేస్తుంది, వదిలే లెక్కను కంపైలరే రాస్తుంది, చెత్త ఏరే యంత్రాంగం అక్కర్లేదు. అన్‌సేఫ్ అని గుర్తు పెట్టిన భాగాల్లో మాత్రం బాధ్యత మళ్లీ మనిషిదే. ఒకే కెర్నెల్‌ను రెండు భాషల్లో పోషించడం నిర్వాహకులకు భారమన్న ఫిర్యాదూ కొట్టిపారేయదగ్గది కాదు. అందుకే కొత్త డ్రైవర్ల దగ్గర మొదలుపెట్టి లోపలికి వెళ్లడం మేలు.

డెల్టాలో ఆపరేటింగ్ సిస్టమ్స్ చెప్పే అధ్యాపకులకు ఒక్క విన్నపం. ల్యాబులో షెడ్యూలింగ్ లెక్కలతో ఆగకుండా, ప్రతి విద్యార్థి చేత ఒక చిన్న క్యారెక్టర్ డివైస్ డ్రైవరు సిలో రాయించండి, ఫైల్ ఆపరేషన్స్ పట్టికను స్వయంగా నింపించండి. ఆ తర్వాత అదే డ్రైవరును రస్ట్‌లో రాయించండి.