జీవామృతమా, పచ్చని కప్పా?

2016లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము పెట్టుబడి లేని ప్రకృతి వ్యవసాయము అను కార్యక్రమమును ప్రారంభించినది. తరువాత దాని పేరు ప్రజాభాగస్వామ్య ప్రకృతి వ్యవసాయముగా మారినది. నడుపునది రైతు సాధికార సంస్థ. గ్రామములలో దానికి ఊతము మహిళా స్వయంసహాయక సంఘములు. 2024లో పోర్చుగల్‌లోని గుల్బెంకియన్ సంస్థ తన బహుమతిని ఈ కార్యక్రమమునకు, భూసార శాస్త్రజ్ఞుడు రత్తన్ లాల్‌కు, ఈజిప్టులోని సెకెం సంస్థకు కలిపి ఇచ్చినది. మెచ్చుకోలు మాటలకు కొదువ లేదు. అయితే ఇందులో నేలను నిజముగా బాగుచేయుచున్నది ఏది?

ఎవరిని అడిగినను మొదట జీవామృతమనియే చెప్పుదురు. సుభాష్ పాలేకర్ ప్రచారము చేసిన ఈ ద్రవమునకు 200 లీటర్ల నీటిలో 10 కిలోల ఆవుపేడ, 5 మొదలు 10 లీటర్ల మూత్రము, రెండేసి కిలోల బెల్లము, పప్పుధాన్యపు పిండి, గుప్పెడు గట్టుమన్ను కలుపుదురు. ఒక డ్రమ్ము ఎకరమునకు సరి. లెక్క చూతము. పచ్చిపేడలో నత్రజని నూటికి అరపాలు అనుకొన్నచో 50 గ్రాములు. మూత్రములో నూటికి ఒకపాలు అనుకొన్నచో 100 గ్రాములు. పిండిలో మరి 70. అన్నియు కలిసి పావుకిలో లేదు. ఎకరమునకు 25 క్వింటాళ్ళ ధాన్యమిచ్చు వరిపైరుకు సుమారు 40 కిలోల నత్రజని కావలెను. పంటకాలములో ఎనిమిదిసార్లు పోసినను రెండు కిలోలు చేరవు.

అది ఎరువు కాదు, పాలకు తోడువంటిదని సమర్థించువారందురు; నేలలోని సూక్ష్మజీవులను అది మేల్కొల్పునట. నేలలో బిగిసియున్న భాస్వరము విషయములో ఈ మాటకు కొంత పస ఉన్నది. నత్రజని సంగతి వేరు. సేంద్రియ పదార్థము కుళ్ళినపుడు వచ్చు నత్రజని పాత నిల్వను తీసి ఖర్చుపెట్టుటయే. క్రొత్త రాబడి కావలెనన్న, పప్పుజాతి మొక్కల వేరుబుడిపెలలోని రైజోబియము గాలినుండి పట్టి తేవలెను. పాలే లేనిచోట తోడు ఏమి చేయును?

ఆ పాలు ఈ కార్యక్రమములోనే మరొకచోట ఉన్నవి. అనంతపురము వంటి మెట్టప్రాంతములలో వేరుశనగ పీకిన తరువాత మరల వానలు పడువరకు చేను బోడిగా ఎండుచుండును. ఇప్పుడు కొందరు రైతులు కంది, అలసంద, పెసర, జొన్న, సజ్జ మొదలగు పలురకముల విత్తనములకు బంకమట్టి, బూడిద పట్టించి, తొలకరికి ముందే పొడినేలలో చల్లుచున్నారు. నాలుగు చినుకులు పడగానే మొలచును. పైమన్ను ఎండకు కాలదు, వాన దెబ్బకు కొట్టుకొనిపోదు. వేళ్ళనుండి స్రవించు చక్కెరలు సూక్ష్మజీవులకు మేత. నా దృష్టిలో ఈ కార్యక్రమపు అసలు విజ్ఞానము ఇదే.

దీనిని పేదరైతు చేనికి చేర్చినది సంఘము. తాను చేసి చూపిన రైతే ఊరివారికి నేర్పును. "అక్కా, నీ చేను చూపించు" అని ఆమెను అడుగవచ్చును, కరపత్రమును అడుగలేము. 2015లో వచ్చిన సాయిల్ హెల్త్ కార్డు నేలయొక్క 12 లక్షణములను తెలుపునుగాని, చదివి చెప్పువారు లేనిచో అది చూరులోనే ఉండిపోవును.

పెద్ద కొరత కౌలురైతు విషయములో ఉన్నది. ఎకరములో పై ఆరంగుళముల మన్ను సుమారు 9 లక్షల కిలోలు. అందులో సేంద్రియ కర్బనము 0.4 శాతమునుండి 0.5కు పెరుగవలెనన్న 900 కిలోల కర్బనము నిలువవలెను. ఎండు ఆకు అలములో కర్బనము నూటికి 40 పాళ్ళు. అందులో అయిదవ వంతు నిలిచినదనుకొందము. తక్కినది బొగ్గుపులుసు వాయువై పోవును. అనగా 11 టన్నులకు పైగా ఆకు అలము కావలెను. ఏటా రెండు టన్నులు వేసినను అయిదేండ్లు దాటును. 2019నాటి పంట సాగుదారుల హక్కుల చట్టము కౌలు ఒప్పందమునకు పెట్టిన గడువు 11 నెలలు. దానికిని భూయజమాని సంతకము కావలెను. వచ్చే ఏడు చేను ఎవరిదగునో తెలియనివాడు వేసవిలో విత్తనములేల చల్లును? నేల బాగుపడినదని కౌలు పెంచినచో వాని కష్టము వానికే బరువగును.

కేరళలో కుటుంబశ్రీ స్త్రీలు బృందములుగా భూమిని కౌలుకు పట్టి కలసి సాగుచేయుచున్నారు. మన సంఘములు అప్పు విషయములో ఉమ్మడి పూచీ వహించుటకు ఎప్పుడో అలవాటుపడినవి. అదే పూచీతో అయిదారేండ్ల కౌలు పత్రము వ్రాయించుకొనుటకు అడ్డమేమో రైతు సాధికార సంస్థ చెప్పవలసియున్నది.