ముందుమాట: ఇది ఎన్నో రోజు రక్తం?

ఈ పుస్తకం రాసిన అమ్మాయి మా బడిలో తెలుగు చదువుకున్నది. ఇప్పుడు ల్యాబు ఉద్యోగం. హోసూరు, బాగలూరు, సూళగిరి వైపు బండి మీద ఇల్లిల్లూ తిరిగి రక్తం తీసుకుపోతుంది. "హార్మోన్ల మీద రాశాను, ముందుమాట మీరే రాయాల అయ్యవారూ" అన్నప్పుడు నవ్వాను. సంధులూ సమాసాలూ చెప్పుకున్న ముసలివాడికి ఈస్ట్రోజెన్‌తో ఏం పని? నాలుగు పేజీలు చదివాక నవ్వు ఆగిపోయింది.

పన్నెండేళ్ల కిందటి మాట. మార్గశిరం చలిలో మా ఇంటావిడ అర్ధరాత్రి దుప్పటి తన్నేసి ఫ్యాను వేయమనేది. హోసూరు చలి ఎరిగినవాళ్లకు ఆ వింత వేరే చెప్పనక్కర్లేదు. ఎవరో చెబితే ఇంటికే మనిషిని పిలిపించి రక్తమిచ్చాం. ఎస్ట్రాడయోల్ (ఈస్ట్రోజెన్‌లో ఒక రకం) అని రాసి, పక్కన ఒక అంకె వేసి కాగితం పంపారు. డాక్టరమ్మ దాన్ని చూసి, "ఇది ముట్టయిన ఎన్నో రోజు రక్తం?" అంది. మేమిద్దరం మొహమొహాలు చూసుకున్నాం. రక్తం తీసినవాళ్లు అడగలేదు, మేము చెప్పలేదు.

ఆ ప్రశ్నకే ఈ పిల్ల పుస్తకంలో సగం కేటాయించింది. నెలసరి తొలి రోజుల్లో మిల్లీలీటరుకు 30, 40 పికోగ్రాములుండే ఎస్ట్రాడయోల్, అండం విడుదలయ్యే ముందు 200 దాటి 400 దాకా పోవచ్చు. ముట్లుడిగాక మామూలుగా 30కి లోపే. తేదీ లేని అంకె ఎందుకూ కొరగాదు. జుట్టు కోసం మింగే బయోటిన్ మాత్రలు కూడా కొన్ని పరీక్షల లెక్కను తప్పిస్తాయట. ఆ సంగతి నాకిప్పుడే తెలిసింది.

మందుల షాపులో దొరికే మూత్రం పట్టీల గురించి రాసిన తీరు నాకు బాగా నచ్చింది. ముట్లుడిగే వయసు తెలుసుకోవడానికని అమ్మే పట్టీ ఈస్ట్రోజెన్‌ను కొలవనే కొలవదు. అండాశయాన్ని పని చేయమని తరిమే ఎఫ్‌ఎస్‌హెచ్‌ను చూస్తుంది. బోరులో నీళ్లు తగ్గేకొద్దీ మోటారు ఎక్కువసేపు ఆడిస్తాం చూడండి, అలాగే అండాశయం మందగిస్తే ఎఫ్‌ఎస్‌హెచ్ పెరుగుతుంది. అయితే ఆ వయసులో ఈ నెల పెరిగింది వచ్చే నెల తగ్గనూవచ్చు. నలభై ఐదు దాటినామెకు ముట్లు తప్పుతూ ఒళ్లు సెగలెత్తుతుంటే ఆ గుర్తులే చాలు, సాధారణంగా హార్మోను పరీక్షే అక్కర్లేదని కూడా రాసింది. ల్యాబు జీతం తింటూ ఈ మాట రాయడానికి గుండె కావాలి. నలభై లోపే ముట్లు ఆగినా, ఏడాది ఆగాక మళ్లీ రక్తం కనిపించినా డాక్టరు దగ్గరికి పరుగెత్తమంది. ఆ రెండు వాక్యాలు పెద్ద అచ్చులో వేయించమన్నాను.

మా కృష్ణగిరి జిల్లాలో ఇంట్లో తెలుగు, కౌంటరు దగ్గర తమిళం, బెంగళూరు బస్సెక్కితే కన్నడం, రిపోర్టులో ఇంగ్లీషు. తమిళనాడు 2006 చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరి అయ్యాక తెలుగు అక్షరం నేర్చే పిల్లలు తగ్గుతున్నారు. అలాంటి చోట ఆడవాళ్లు వంటింట్లో అనుకునే మాటలతోనే ఈ పుస్తకం నడిచింది. హార్మోన్ల కోసం చేసే ఉమ్మి పరీక్ష మీద మాత్రం రెండు పేజీలు ఎక్కువ రాసింది. చెప్పినా వినలేదు.

పుస్తకం చివర ముట్టు తేదీలు రాసుకోను పన్నెండు నెలల గళ్లు వేసిందట. నేను చూడలేదు. నాకంటే ముందే మా ఇంటావిడ ఆ పేజీ చించి కోడలికిచ్చేసింది.