ముందు బ్రేకు: కొత్తది కొనేముందు ఉన్నది విప్పి చూడాలి

పెద్దముడియం నుంచి జమ్మలమడుగుకో ప్రొద్దుటూరుకో రోజూ బండి మీద పోయొచ్చేవాళ్ళలో ముందు బ్రేకు జోలికే పోనివాళ్ళుంటారు. అది పడితే బోర్లా పడతామన్న భయం మన పల్లెల్లో అంతగా పాతుకుపోయింది. నల్లరేగడి బురద మీద ఆ భయం న్యాయమే. అక్కడ ముందు చక్రం బిగుసుకుంటే బండి నిలవదు. పొడి తారురోడ్డు మీద లెక్క వేరు. బ్రేకు వేయగానే బరువు ముందుకు తూగి వెనక చక్రం తేలికపడుతుంది, ఆపే శక్తిలో సుమారు 70 శాతం ముందు చక్రం నుంచే వస్తుంది. మనుషులు పడేది లివరును ఒక్కసారిగా గుంజినందుకు, మెల్లగా బలం పెంచినందుకు కాదు. పైగా 2019 ఏప్రిల్ నుంచి అమ్ముతున్న చిన్న బండ్లలో చాలావాటికి వెనక పెడల్ తొక్కితే ముందు బ్రేకూ కొంత పడుతుంది. వద్దనుకున్నా వాడుతున్న బ్రేకు అది.

అది సరిగా పట్టకపోతే డిస్కు వేయిద్దామన్న ఆలోచన వస్తుంది. నా వాదన ఒక్కటే: చాలా బండ్లకు కావలసింది కొత్త సామాను కాదు, ఉన్నదాన్ని శుభ్రం చేయడం. శనగ విత్తేముందు గొర్రును సరిచూసుకునే ఊర్లకు ఈ అలవాటు కొత్తేమీ కాదు. స్ప్లెండర్ లాంటి బండికి ముందు 130 మిల్లీమీటర్ల డ్రమ్ము ఉంటుంది. ఎండాకాలం దుమ్ము, వానాకాలం బురద అందులో చేరి లైనర్లు అద్దంలా నున్నబడతాయి. చక్రం విప్పి, తడిగుడ్డతో తుడిచి (పాత లైనర్ల పొడిలో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, గాలి కొట్టి ఎగరేయకూడదు), నునుపును గరుకు కాగితంతో తీసి, క్యామ్‌కు కాస్త గ్రీజు రాసి, కేబుల్ బిగువు సరిచేస్తే పట్టు తిరిగొస్తుంది. గ్రీజు లైనర్‌కు అంటితే మాత్రం చేసిన పనంతా వృథా.

డిస్కు బండిలో అసలు శత్రువు బ్రేక్ ఆయిల్‌లోని తేమ. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155కు దిగొచ్చు. మరిగితే ఆవిరి పుట్టి లివరు మెత్తబడుతుంది. అందుకే రెండేళ్ళకోసారి మార్చాలి. కేలిపర్ నిపిల్‌కు సన్నని పైపు తగిలించి, లివరు నొక్కి పట్టి, పానాతో నిపిల్ వదులు చేసి, మళ్ళీ బిగించాకే లివరు వదలాలి. బుడగలు ఆగేదాకా ఇదే వరుస. పై డబ్బాలో ఆయిల్ అడుగంటితే గాలి దూరి పని మొదటికొస్తుంది. ఆ ఆయిల్ పెట్రోల్ ట్యాంకు మీద పడితే పెయింటు లేచిపోతుంది, వెంటనే నీళ్ళు పోయాలి.

ఇదంతా చేశాకే అప్‌గ్రేడ్ మాట. మంచి ప్యాడ్లు, స్టీలు అల్లిక పైపు వేసుకోవచ్చు. రబ్బరు పైపులా అది ఒత్తిడికి ఉబ్బదు. పెద్ద కేలిపర్ తగిలించడం వేరు సంగతి. మాస్టర్ సిలిండర్ పిస్టన్, కేలిపర్ పిస్టన్ కొలతలు ఒకదానికొకటి కుదరకపోతే లివరు రాయిలా బిగుస్తుంది, లేదా హ్యాండిల్‌కు తగిలేదాకా వచ్చేస్తుంది. డ్రమ్ము తీసి డిస్కు వేయాలంటే హబ్బు, ఫోర్కు, మాస్టర్ సిలిండర్ అన్నీ ఆ మోడల్ డిస్కు రకానివే కావాలి.

ప్రాణంతో ముడిపడ్డ పని ఇంట్లో ఎందుకనే ప్రశ్నలో బలముంది. అందుకే హద్దు ఉండాలి. తుడవడం, ప్యాడ్లు, ఆయిల్, కేబుల్ వరకు ఇంట్లో చేసుకోవచ్చు. బండిని తోసుకుంటూ, ఆపైన ఖాళీ జాగాలో నెమ్మదిగా నడిపి పరీక్షించాకే రోడ్డెక్కాలి. ఆయిల్ కారుతున్నా, డిస్కు దాని మీద అచ్చువేసిన కనీస మందం కంటే పలచగా అరిగినా, ఏబీఎస్ యూనిట్‌లో గాలి చేరినా బండిని మెకానిక్ షెడ్డుకు తీసుకుపోవలసిందే.